భుజాల విముక్తి ఉద్యమం

ఆ శుక్రవారం మిస్ హిల్మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: పెనం మీద కర్రపెండలం రొట్టెలు కాలుస్తున్న మిస్ హిల్మా, ప్రభుత్వ కార్యాలయం గుమ్మం దాకా వెళ్లి అప్పుడే తిరిగొచ్చిన ఆమె మనవరాలు ఆర్డీన్, చేపలమ్మే పాన్సీ, పాన్సీ చంకలో బిడ్డ, పిలవకపోయినా ఏ సమావేశానికైనా వచ్చే పొరుగింటి మేక, గోడ మీది క్యాలెండర్‌లో నవ్వుతూ చెయ్యూపుతున్న కౌన్సిలర్ యూఫీమియా గ్రాంట్‌లీ గారు. వీళ్లందరికంటే గట్టిగా మాట్లాడుతున్నది మాత్రం రేడియోలో మంత్రిగారు.

"ప్రియమైన జమైకా ప్రజలారా!" అన్నారు పరిపాలనా సంస్కరణల మంత్రి, గౌరవనీయులు లాసెల్స్ టామ్లిన్ గారు. "ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైళ్లు ఎందుకు కదలవని మీరు చాలాకాలంగా అడుగుతున్నారు. మా ప్రభుత్వం లోతుగా పరిశోధించింది. కారణం దొరికింది. ఆడవాళ్ల భుజాలు!"

రేడియోలో చప్పట్లు మోగాయి.

"గుమస్తా తలెత్తుతాడు. ఎదురుగా భుజం. పెన్ను ఆగిపోతుంది. ఒక్కొక్క భుజం దగ్గర ఒక్కొక్క పెన్ను ఆగితే దేశం ఏమైపోవాలి? అందుచేత చేతుల్లేని గౌను వేసుకున్న ఏ స్త్రీనీ ఈ రోజు నుంచి ఏ ప్రభుత్వ కార్యాలయంలోకీ రానివ్వం. భుజం దాగితే ఫైలు సాగుతుంది!"

ఇంతకుముందు మంత్రులు ఫైళ్లు కదలకపోవడానికి తుపానులే కారణమన్నారు, కంప్యూటర్లన్నారు, పాత ప్రభుత్వమన్నారు. భుజం వైపు సూటిగా చూసే ధైర్యం వాళ్లలో ఒక్కరికీ లేకపోయింది.

"అయితే నిరుడు నా కొట్టు లైసెన్సు ఫైలు పోయింది నా భుజం వల్లేనన్నమాట!" అంది పాన్సీ. "పాపం, ఆ గుమస్తాని ఊరికే తిట్టిపోశాను."

"నీ భుజం కాదే తల్లీ. నీ చేపల కంపుకి ఫైలే లేచి పారిపోయుంటుంది" అంది మిస్ హిల్మా రొట్టె తిరగేస్తూ.

ఆర్డీన్ నవ్వలేదు. ఆ పిల్ల మామూలుగానే ఎక్కువ మాట్లాడదు. బళ్లో టీచరు పేరు పిలిస్తే పక్కపిల్ల "ఉంది టీచర్" అని చెప్పాల్సి వచ్చేది. పై పరీక్షకి పేరు ఎక్కించాలంటే జనన ధ్రువపత్రం తీసుకురమ్మన్నారు. ఈస్టర్ సెలవులిచ్చేలోపు తేకపోతే ఈ ఏడు పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే టీచర్ ట్రైనింగూ లేదు. పాన్సీ పక్కన కూర్చుని చేపల పొలుసు తీసుకోవడమే. పాన్సీ మంచిదే, పొలుసు కూడా మంచిదే, కానీ ఆర్డీన్‌కి కావలసింది అది కాదు.

ప్రభుత్వం దగ్గరికి వెళ్లేటప్పుడు ఉన్నవాటిలో మంచి బట్ట కట్టుకోవాలని మిస్ హిల్మా పట్టుదల. అందుకని చర్చి కచేరీకి కుట్టిన పసుపు గౌను తొడిగి పంపింది. దానికి అంచున లేసుంది, నడుము దగ్గర రిబ్బనుంది, చేతులు మాత్రం లేవు. గుమ్మం దగ్గర గార్డు మాస్ వెంటన్ ఆ పిల్లని చిన్నప్పటి నుంచీ ఎరుగును. అయినా చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు మంచి పిల్లవే అమ్మాయ్. కానీ నీ భుజాలు ఇవాళ పొద్దుట్నించీ చట్టవిరుద్ధం."

"నిన్నటిదాకా?" అంది ఆర్డీన్ మెల్లిగా.

"నిన్నటిదాకా అవి నీవి తల్లీ. ఇవాళ్టి నుంచి గవర్నమెంటువి."

ఇదంతా ఆర్డీన్ చెబితే పాన్సీ ఛీ కొట్టినట్టు పళ్ల సందున గాలి పీల్చి పెద్ద చప్పుడు చేసింది. ఆ ఊళ్లో ఆ చప్పుడుకి జవాబు ఉండదు. అక్కడినుంచి ఉద్యమం మొదలైంది.

మొదట్లో ఉద్యమం చాలా వెనకబడి ఉండేది. దానికి అధ్యక్షురాలు లేదు, బ్యానరు లేదు, కనీసం పేరు కూడా లేదు. మిస్ హిల్మా చీటీ కట్టే ఆడవాళ్లకి కబురు పెట్టింది. ఆ ఆడవాళ్లు తమ అక్కచెల్లెళ్లకి చెప్పారు. సోమవారం పొద్దునకల్లా కార్యాలయం ఎదురుగా బాదం చెట్టు కింద గుడ్డల మూట తయారైంది. శాలువలు, దుప్పట్లు, రెండు కిటికీ పరదాలు, చర్చి పాటగాళ్ల అంగీ ఒకటి, స్నానాల గది ప్లాస్టిక్ తెర ఒకటి. చేతుల్లేని గౌనుతో వచ్చిన ప్రతి ఆడదానికీ మిస్ హిల్మా ఒక గుడ్డ కప్పి లోపలికి పంపేది, బయటికి రాగానే వెనక్కి పుచ్చుకునేది. పైసా తీసుకునేది కాదు. ఇంత అవకతవక పద్ధతిలో కూడా ఆడవాళ్లందరూ లోపలికి వెళ్లిపోయారు.

పాన్సీ బాతుల బొమ్మలున్న ప్లాస్టిక్ తెర కప్పుకుని నడిచింది. మాస్ వెంటన్ నిబంధన మళ్లీ చదివాడు. భుజాలు కప్పుకోవాలని ఉంది. దేనితో అని లేదు. "పద పద, బాతులమ్మా" అని దారిచ్చాడు. లోపల గుమస్తాలందరూ ఆమెను చూడడానికి లేచి నిలబడ్డారు. ఆ పూట ఒక్క పెన్నూ కదల్లేదు.

గుడ్డలు అందించే పని ఆర్డీన్‌ది. ఎవరొచ్చినా "ముందు మీరు వెళ్లండి" అనేది. ముసలామె వచ్చింది, ముందు పంపింది. నిండు చూలాలు వచ్చింది, ముందు పంపింది. ఎవరో తొందరలో ఉన్నామన్నారు, వాళ్లనీ ముందు పంపింది. చివరి శాలువ కూడా ఇచ్చేసి గుమ్మం పక్కన వట్టి భుజాలతో నిలబడి ఉండగా కింగ్‌స్టన్ పత్రికాయన ఒకడు ఫోటో తీశాడు. లోపల కౌంటరు మూసేశారు.

మర్నాడు ఫోటో మొదటి పేజీలో వచ్చింది. ఒక పక్క పసుపు గౌను పిల్ల, ఇంకో పక్క అడ్డంగా మాస్ వెంటన్ చెయ్యి. ఆ పిల్ల ఏడుస్తున్నట్టుంది. నిజానికి ఎండ కళ్లల్లో పడుతోంది. దేశం కదిలిపోయింది.

అంతకంటే ముందే కౌన్సిలర్ గారు కదిలారు. తెల్లటి పెద్ద కారు మిస్ హిల్మా గుమ్మంలో ఆగింది. క్యాలెండర్‌లో లాగానే చెయ్యూపుతూ యూఫీమియా గ్రాంట్‌లీ గారు దిగారు.

"మిస్ హిల్మా! ఈ ఉద్యమానికి నాయకత్వం లేదని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు" అన్నారు, మూడో రొట్టె అందుకుంటూ.

"మీది మంత్రిగారి పార్టీయే కదమ్మా?" అంది మిస్ హిల్మా.

"అందుకే కదా వచ్చింది! పరాయివాళ్లు మంత్రిగారిని తిడితే ఆయన నొచ్చుకుంటారు. మేం తిడితే ఇంటి మాట. తిట్టు ఒకటే, రుచి వేరు."

"మాకు తిట్టే పని లేదమ్మా. ఈ పిల్లకి కాగితం వస్తే చాలు."

కౌన్సిలర్ గారు ఆర్డీన్ గడ్డం పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "ఈ పిల్లేనా ఫోటోలో పిల్ల? మాట్లాడదా? అద్భుతం. మాట్లాడేవాళ్లని ముందు పెట్టుకుని నేను చాలా ఇబ్బందులు పడ్డాను. అమ్మా ఆర్డీన్, నీ కాగితం నేనే నా చేత్తో తెచ్చి నీ చేతిలో పెడతాను. పూచీ నాది. అందాకా నువ్వు ఆ గుమ్మం తొక్కకు. నువ్వు ఉద్యమం ముఖానివి."

పాన్సీ ఆర్డీన్ చెవిలో, "ముఖం అంటుంది గానీ చూపు భుజాల మీదే ఉంది" అంది.

ఆ విధంగా భుజాల విముక్తి ఉద్యమం ఆవిర్భవించింది.

కౌన్సిలర్ గారి వసారాలో తొలి సమావేశం జరిగింది. కింగ్‌స్టన్ నుంచి ఒక కన్సల్టెంటు వచ్చి గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. ఉద్యమానికి ప్రాణం కోపం కాదనీ, వనరుల సమీకరణ అనీ చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు. వనరులు వెల్లువెత్తాయి. శవపేటికల దుకాణం వాళ్లు కుర్చీలిచ్చారు. వీధుల్లో డాన్సులు పెట్టించేవాళ్లు ఇంటి ఎత్తు స్పీకర్లిచ్చారు. ఊరేగింపు బస్సులకి డీజిలు సాక్షాత్తూ మంత్రిగారి నియోజకవర్గ నిధి నుంచే వచ్చింది. తన మీద పోరాటానికి తానే డీజిలు పోసిన మహానుభావుడు చరిత్రలో ఇంకొకడు కనపడడు. రెండో సమావేశానికి పొరుగింటి మేక ఎప్పటిలాగే హాజరైంది. మూడో సమావేశంలో దాన్ని కూర చేసి వడ్డించారు. కౌన్సిలర్ గారు లేచి నిలబడి, ఉద్యమం తొలి త్యాగానికి నివాళిగా ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. పొరుగాయన మాత్రం మౌనం పాటించలేదు.

వనరుల్లో మొట్టమొదట సమీకరించినవి మిస్ హిల్మా గుడ్డలే. మూట మొత్తం కారెక్కించి కౌన్సిలర్ గారి గ్యారేజీలో పెట్టి తాళం వేశారు.

"అవి మా దుప్పట్లమ్మా" అంది మిస్ హిల్మా.

"అవి ఉద్యమ ఆస్తులు. పైగా ఆలోచించు మిస్ హిల్మా. నువ్వు అందరికీ గుడ్డ కప్పి లోపలికి పంపేస్తే బయట ఎవరు మిగులుతారు? అన్యాయం జరగందే న్యాయం ఎలా అడుగుతాం?"

"మరి ఆడవాళ్లు పనులెలా చేసుకుంటారమ్మా?"

"పనులు ఎప్పుడూ ఉండేవే. నిన్ను శాశ్వత గౌరవ పోషకురాలిగా వేశాం. ఆ ఎర్ర కుర్చీ నీదే."

మిస్ హిల్మా కుర్చీలో కూర్చుని చూసింది. "మెత్తగానే ఉంది. ఇందులో కూర్చుంటే మనవరాలి కాగితం వస్తుందా?"

ఆ మాట కన్సల్టెంటు రాసుకోలేదు.

నాలుగో సమావేశంలో ఉద్యమం ముఖం నాలుగు ముక్కలు మాట్లాడాలన్నారు. ఆర్డీన్‌కి మైకు ఇచ్చారు. వసారాలో అందరూ పెద్ద టోపీలు పెట్టుకుని తననే చూస్తున్నారు. ముందు రోజంతా అనుకున్న మాటల్లో ఒక్కటే బయటికొచ్చింది.

"నాకు కాగితం కావాలి. టీచరు అడుగుతున్నారు."

కౌన్సిలర్ గారు కళ్లు ఒత్తుకున్నారు.

"విన్నారా? 'నాకు కాగితం కావాలి.' ఎంత లోతు! ఏ కాగితం? రాజ్యాంగమా? చరిత్రా? స్వేచ్ఛా? చెప్పలేదు. అదే గొప్పతనం."

"జనన ధ్రువపత్రమండీ" అంది ఆర్డీన్. కానీ మైకు అప్పటికే తీసేసుకున్నారు.

వారం తిరక్కుండా ఆ మాట బనియన్ల మీదకెక్కింది. అవి చేతుల్లేని బనియన్లు, పార్టీ రంగువి. ముందువైపు ఆర్డీన్ బొమ్మ, వెనకవైపు ఆమె మాట, అడుగున మంత్రిగారి శుభాకాంక్షలు. ఆ బనియను వేసుకున్నవాళ్లని ఏ కార్యాలయంలోకీ రానివ్వరు కాబట్టి ఉద్యమం ఎంత పెరిగితే బాధితులు అంత పెరిగారు. కన్సల్టెంటు ఈ లెక్క చూసి చాలా ముచ్చటపడ్డారు. ఆర్డీన్ మాత్రం బజారుకి వెళ్లడం మానేసింది. ఎటు చూసినా తన వట్టి భుజాలు ఎవరెవరి పొట్టల మీదో సాగి కనిపించేవి. చర్చిలో పెద్దామె ఒకావిడ ఆమెను చూసి పక్కకి జరిగి కూర్చుంది.

ఊరేగింపుకి అనుమతి కావలసి వచ్చింది. అనుమతి ఇచ్చేది ఆ కార్యాలయంలోనే. కార్యవర్గం మొత్తం మణికట్టు దాకా చేతులున్న గౌన్లు తొడుక్కుని, టోపీలు సర్దుకుని, మాస్ వెంటన్‌కి నమస్కారం పెట్టి లోపలికి వెళ్లారు. బాదం చెట్టు కింద నినాదం రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డ ఆర్డీన్ వాళ్లను చూసింది.

"కౌన్సిలరమ్మా, ఎలాగూ లోపలికే వెళ్తున్నారు కదా. నా కాగితం..."

"ఇవాళ మనం ఒక ఆశయం మీద వెళ్తున్నాం తల్లీ. మధ్యలో సొంత పనులు పెట్టుకుంటే పత్రికలు ఏమంటాయి?"

ఊరేగింపు దివ్యంగా జరిగింది. దాన్ని పచ్చజెండా ఊపి ప్రారంభించినది మంత్రి టామ్లిన్ గారే. తన నిబంధన మీద ఊరేగుతున్న ఆడవాళ్లకి ఆయన స్వయంగా చల్లటి చెరుకురసం అందించారు. "నన్ను ఎదిరించే స్త్రీలంటే నాకు ఎనలేని గౌరవం. వాళ్ల భుజాలు ఉక్కు భుజాలు. ఉక్కుని తుప్పు పట్టకుండా కప్పి ఉంచడం ప్రభుత్వ బాధ్యత" అన్నారు. వేలమంది "నాకు కాగితం కావాలి!" అని అరుస్తుంటే స్పీకర్ల అదురుకి బాదంకాయలు రాలాయి. మాస్ వెంటన్ ఒకటి ఏరుకుని నమిలాడు.

మంత్రిగారు ఆర్డీన్‌ని వేదిక మీదికి పిలిచారు. "నీకు కాగితం కావాలన్నావు. ఈ ప్రభుత్వం ఆడపిల్ల అడిగితే కాదనదు!" అని బంగారు చట్రంలో బిగించిన పెద్ద కాగితం చేతిలో పెట్టారు. తన ధ్రువపత్రమే వచ్చిందనుకుంది ఆర్డీన్. అంత పెద్దది ఉంటుందని ఆమె అనుకోలేదు. దాని మీద "సాహస బాలికా యోగ్యతా పత్రం" అని ఉంది.

మర్నాడు బళ్లో టీచరు దాన్ని ముందూ వెనకా తిప్పి చూశారు. "నీకు ధైర్యం ఉందని రాశారమ్మా. పుట్టావని ఎక్కడా రాయలేదు."

"పనికిరాదా టీచర్?"

"గోడకి పనికొస్తుంది. శుక్రవారం ఈస్టర్ సెలవులిస్తారు, ఆ మధ్యాహ్నమే జాబితా పంపించేస్తాను, ఆర్డీన్. తరవాత నా చేతుల్లో లేదు."

ఊరేగింపు ఫలితం మాత్రం అద్భుతంగా వచ్చింది. నిబంధనను పరిశీలించడానికి ప్రభుత్వం ఒక శాశ్వత విభాగం ఏర్పాటు చేసింది. దాని అధిపతిగా కౌన్సిలర్ గ్రాంట్‌లీ గారిని నియమించింది. అదే కార్యాలయంలో, గుమ్మం పక్కనే, ఏసీ గది ఇచ్చింది. పరిశీలన పూర్తయ్యేదాకా నిబంధన అలాగే ఉంటుంది. నిబంధన ఉన్నంతకాలం పరిశీలనా ఉంటుంది. రెండు పక్షాలూ గెలిచిన ఉద్యమాలు లోకంలో అరుదు.

శుక్రవారం పొద్దున మిస్ హిల్మా ఎర్ర కుర్చీ గురించి గానీ ఉద్యమం గురించి గానీ ఏమీ అనలేదు. తను చర్చికి వేసుకునే పొడుగు చేతుల తెల్ల జాకెట్టు తీసి మనవరాలికి తొడిగింది. దాని చేతులు ఆర్డీన్ వేళ్లు దాటి కిందికి వేలాడాయి. మెడ దాకా బొత్తాలు పెట్టింది.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది అవ్వా."

"అయితే చాలు. ఎవరినీ ముందు పంపకు. ముసలాళ్లు వచ్చినా సరే. నేనే వచ్చినా సరే."

పాన్సీ తన చేపల బండి మీదే కార్యాలయం దాకా దింపింది. "నోరు తెరిచి అడుగు పిల్లా. నోరు రాకపోతే నన్ను పిలువు, నాది అరువిస్తా."

మాస్ వెంటన్ ఆ పిల్లని చూసి లేచి నిలబడ్డాడు. చేతులు చూశాడు, మెడ చూశాడు, బొత్తాలు చూశాడు. అతని ముఖం విప్పారింది.

"అబ్బ! నిబంధన రాసినాయన కూడా ఇంతగా కప్పుకోలేదమ్మాయ్. రా రా, తొందరగా వెళ్లు. కౌంటరు ముందు క్యూ కూడా లేదు." తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

ఆర్డీన్ గుమ్మం మీద కాలు పెట్టింది. లోపల కౌంటరు, దాని వెనక గుమస్తా, గుమస్తా చేతిలో పెన్ను స్పష్టంగా కనిపిస్తున్నాయి. గుమస్తా తలెత్తి, "ఏం కావాలమ్మా?" అని కూడా అడిగాడు.

పక్కగది తలుపు తెరుచుకుని కౌన్సిలర్ గారు బయటికొచ్చారు.

"వెంటన్! ఎవర్ని రానిస్తున్నావు?"

"చేతులున్నాయి కదమ్మా. నిబంధన ప్రకారం రావచ్చు."

"నిబంధన గవర్నమెంటుది. ఈ పిల్ల ఉద్యమానిది." ఆమె ఆర్డీన్ వైపు తిరిగి గొంతు మెత్తగా చేశారు. "ఏమిటమ్మా ఈ వేషం? ఇన్ని చేతులా? మంగళవారం ఉద్యమానికి డబ్బిచ్చే విదేశీ దాతలు విమానం దిగుతున్నారు, లోపలికి రానివ్వని పిల్లని చూడడానికి. నువ్వు లోపలికొచ్చేస్తే వాళ్లకి నేనేం చూపించను?"

ఆర్డీన్ గట్టిగా మాట్లాడింది. అంత గట్టిగా మాట్లాడగలనని ఆమెకే తెలియదు. గుమస్తాలు తలలెత్తారు.

"మధ్యాహ్నానికి జాబితా పంపేస్తారండీ. ఈ ఏడు పరీక్ష పోతుంది. రెండు నిమిషాల పని. నన్ను వెళ్లనివ్వండి."

"పరీక్ష ప్రతి ఏడూ వస్తుంది. ఉద్యమం వస్తుందా?" కౌన్సిలర్ గారి కళ్లల్లో నిజంగానే తడి కనిపించింది. "ఒక్క ఏడాది ఓపిక పట్టు తల్లీ. దేశంలో ఆడపిల్లలందరూ నీ వైపే చూస్తున్నారు."

"నా వైపు చూస్తే వాళ్లకేం దొరుకుతుందండీ?"

కౌన్సిలర్ గారు మాస్ వెంటన్ చేతిలోంచి తలుపు పిడి తీసుకున్నారు. రెండో చేత్తో ఆర్డీన్ భుజాన్ని ఆప్యాయంగా తట్టి, అదే చేత్తో ఆమెను గడప అవతలికి జరిపారు.

"నీ కోసమే కదమ్మా ఇదంతా" అని, చప్పుడు కాకుండా తలుపు వేశారు.